16 ఏళ్ల అబ్బాయికి టాటూ, 10 ఏళ్ల పాపకి చెవి పైకుట్టు: అమ్మ సంతకం పెడితే సరిపోతుందా?

ప్రశ్న అడిగిన అమ్మగారికి నమస్కారం. మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. మీది విజయవాడ, పటమట. బాబు ఇంటర్ ఫస్టియర్, 16 నిండాయి. వాళ్ల నాన్నగారి సంవత్సరీకం దగ్గరపడుతోంది, ఈలోపే చేతిమీద ఆయన పేరు టాటూ వేయించుకుంటానని పట్టుబట్టాడు. పాపకి పదేళ్లు. అన్నకి టాటూ అయితే నాకు చెవి పైభాగంలో ఇంకో కుట్టు అంటోంది. ఒక షాపులో "మీరు సంతకం పెట్టండి, వేసేస్తాం" అన్నారు. ఇంకో షాపులో కుదరదని పంపేశారు. ఎవరి మాట నిజం, అసలు ఎన్నేళ్లు నిండాలి అని మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. బాబుకి టాటూ 18 నిండాకే. మీరు సంతకం పెట్టినా, పక్కనే కూర్చున్నా నేనైతే వేయను. పాపకి చెవి తమ్మె మీదే రెండో కుట్టు అయితే ఈ వారమే కుట్టించొచ్చు. పైభాగంలో, కార్టిలేజ్ (మెత్తటి ఎముక) ఉన్నచోట మాత్రం 16 దాకా ఆగమంటాను. కుదరదన్న షాపు నంబరు పారేయకండి, రెండేళ్ల తర్వాత పనికొస్తుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. గుంటూరు బ్రాడీపేటలో పదమూడేళ్లుగా టాటూ, పియర్సింగ్ స్టూడియో నడుపుతున్నాను. మా తాత పట్నంబజార్‌లో బంగారం పని చేస్తూ చెవులు, ముక్కులు కుట్టేవాడు. సూది పట్టుకోవడం నాకు ఆయనే నేర్పాడు. మెషిన్ పట్టుకోవడం తర్వాత హైదరాబాద్ వెళ్లి నేర్చుకున్నాను.

ముందు చట్టం సంగతి. మన దేశంలో టాటూకి ఇన్నేళ్లు నిండాలని విడిగా రాసిపెట్టిన కేంద్ర చట్టం లేదు. షాపుకో మాట వినిపించేది అందుకే. కానీ చుట్టుపక్కల చట్టాలన్నీ 18 దగ్గరే ఆగుతాయి. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 నిండితేనే మేజర్. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 11వ సెక్షన్ ప్రకారం మైనర్‌కి ఒప్పందం చేసుకునే అర్హత లేదు. అలాంటి ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో అప్పట్లో మనకి అన్నిటికంటే పైకోర్టయిన ప్రివీ కౌన్సిల్ తేల్చేసింది. కాబట్టి మీవాడు ఏ షాపు ఫారం మీద సంతకం చేసినా అది చిత్తుకాగితమే.

మరి అమ్మ సంతకం? అక్కడే అసలు చిక్కు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 25వ సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో అది 87. మనిషి తనంతట తాను ఒప్పుకుని చేయించుకున్న గాయం నేరం కాకుండా పోవాలంటే ఆ మనిషికి 18 దాటి ఉండాలంటుంది. 27వ సెక్షన్, అంటే పాత 89, పెద్దవాళ్ల అనుమతి గురించి. అది పన్నెండేళ్లలోపు పిల్లల విషయం, అదీ మంచి ఉద్దేశంతో పిల్లల మేలు కోసం చేసిన పనికి. మీవాడు ఈ రెండింటి మధ్యలో పడ్డాడు. మా ఫారం రాసిపెట్టిన లాయరుగారు నన్ను ఒకే మాట అడిగారు: "రేపు గొడవై కోర్టుకెళ్తే, టాటూ పిల్లాడి మేలు కోసమే వేశానని ఎలా రుజువు చేస్తావమ్మా?" నాకు జవాబు దొరకలేదు. ఆరోజే ఫారంలో తల్లిదండ్రుల సంతకం గడి తీసేయించాను, టాటూ ఫారంలో మాత్రమే. చెవికుట్టు ఫారంలో ఇప్పటికీ ఉంది.

బ్రిటన్‌లో ఈ తలనొప్పి లేదు. 1969లోనే మైనర్లకి టాటూ వేయకూడదని చట్టం చేశారు, అమ్మానాన్నలు ఒప్పుకున్నా సరే. మన దగ్గర అలాంటిది వచ్చేదాకా ఆ భారం షాపు మీదే ఉంటుంది.

చెవికుట్టుకి లేని పట్టింపు టాటూకెందుకు అని మీకు అనిపించొచ్చు. నిజానికి మా నాయనమ్మకి పెళ్లికి ముందే, ఎనిమిదో తొమ్మిదో ఏట, మోచేతి దాకా పచ్చబొట్లు పొడిచారు. ఊళ్లోకి వచ్చే ఎరుకల ఆవిడ దీపం మసి, ఆకు పసరు కలిపి సూదులతో పొడిచేదట. ఏడిస్తే ఇద్దరు పట్టుకునేవాళ్లు. చచ్చాక వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటేనని మా నాయనమ్మ గట్టిగా నమ్మింది. ఆ నమ్మకం మీద నాకు గౌరవమే. కానీ ఆమెను ఎవరూ అడగలేదు. చిన్నప్పుడు చుక్కల ముగ్గుగా ఉన్నది, నేను చూసేనాటికి ఆకుపచ్చ మరకగా మిగిలింది.

తమ్మె మీద కుట్టు నచ్చకపోతే పోగు తీసేస్తారు, కొన్నాళ్లకి పూడుకుపోతుంది, పూడకపోయినా ఆవగింజంత మచ్చ. టాటూ రంగు చర్మం పైపొర కింద, డెర్మిస్‌లో కూర్చుంటుంది. లేజర్‌తో తీయించొచ్చుగా అంటారు కుర్రాళ్లు. నల్ల రంగు కాస్త సులువుగా పోతుంది, ఆకుపచ్చ, పసుపు మొండికేస్తాయి. ఆరు నుంచి పది సిట్టింగులు, ఒక్కోదానికి మధ్య నెలన్నర. వేయించుకున్నప్పటి నొప్పికంటే ఎక్కువ నొప్పి, ఖర్చూ ఎక్కువే. పైగా 16 ఏళ్ల పిల్లాడి చెయ్యి ఇంకా పెరుగుతుంది. జిమ్‌కి వెళ్లే వయసు కూడా అదే. భుజం మీదో కండ మీదో వేసిన గీత సాగి, నిటారుగా ఉన్నది వంకర అవుతుంది.

తెలుగు అక్షరాలతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంగ్లిష్ పెద్దక్షరాలు గీతలు, మనవి సున్నాలు. రంగు చర్మంలో ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా విస్తరిస్తుంది. చిన్న సైజులో రాసిన ఒత్తులూ, గుడులూ, 'ఘ', 'ఝ' లోపలి ఖాళీలూ కొన్నేళ్లకి పూడుకుపోయి ముద్దవుతాయి. మీవాడికి నాన్న పేరు తెలుగులోనే కావాలంటే అక్షరం కనీసం బొటనవేలి గోరంత ఉండాలి. రెండేళ్ల తర్వాత ఏ షాపుకెళ్లినా ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా సుద్దులు చెప్పినట్టుంటుంది. షాపు పెట్టిన కొత్తలో, రెండో ఏడాది. ఒక కుర్రాడు వచ్చాడు, పద్దెనిమిది దాటాయన్నాడు, వెంట వచ్చినవాడు "నేను వీడి అన్ననక్కా" అన్నాడు. అప్పట్లో నేను కార్డు అడిగేదాన్ని కాదు. అద్దె కట్టాలి, నెలాఖరు. కుడి జబ్బ మీద సింహం తల వేశాను, ఇప్పటికీ నా మంచి పనుల్లో అదొకటి. నాలుగో రోజు వాళ్ల నాన్న వచ్చాడు. వాడికి పదిహేడు. అన్న అన్నవాడు క్లాస్‌మేట్. ఆయన అరవలేదు, తిట్టలేదు. "ఆర్మీకి పంపుదామనుకున్నానమ్మా, మూడేళ్లనుంచి పరుగు నేర్పిస్తున్నా" అన్నాడు. అంతే. ఫిజికల్ టెస్టుల దాకా వెళ్లి మెడికల్‌లో వెనక్కొచ్చాడని ఆ తర్వాత తెలిసింది.

గుంటూరులో ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు ఉంది కాబట్టి ఈ సంగతి మాకు నిత్యం ఎదురవుతుంది. మీ బాబుకి ఆ ఆలోచన ఏ మూలన్నా ఉంటే ఇది చదవనివ్వండి. ఆర్మీలో శాశ్వత టాటూ ఉండదగ్గ చోట్లు రెండే: మోచేయి లోపలి మడత నుంచి మణికట్టు దాకా ముంజేతి లోపలివైపు, అరచేతి వెనకవైపు. ఆచారంగా పొడిపించుకునే గిరిజన అభ్యర్థులకి మినహాయింపు ఉంది. కేంద్ర సాయుధ బలగాల్లో, అంటే సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటివాటిలో, ఇంకా గట్టి. పేర్లు, దేవుడి గుర్తులు ఫర్వాలేదు గానీ ఎడమ చేతికే ఉండాలి, ఎందుకంటే సెల్యూట్ కొట్టేది కుడి చెయ్యి. సైజు ఆ భాగంలో నాలుగో వంతుకి మించకూడదు. కాబట్టి నాన్న పేరుకి ఎడమ ముంజేయి లోపలివైపే మంచి చోటు. తమాషా ఏంటంటే అగ్నివీర్‌గా పదిహేడున్నరేళ్లకే తీసుకుంటారు. తుపాకీ పట్టుకోవడానికి సరిపోయే వయసు నా కుర్చీలో కూర్చోవడానికి చాలదా అని ఒక కుర్రాడు నాతో వాదించాడు. బాగా వాదించాడు. అయినా ఆర్నెల్లు ఆగమనే పంపాను.

చెవుల దగ్గరికి వద్దాం. ఇందులో మాట్లాడాల్సింది చాలా ఉంది, ఎందుకంటే మా షాపుకి వచ్చేవాళ్లలో చంటిపిల్లలే ఎక్కువ.

పసిపిల్లలకి తమ్మె కుట్టడానికి వయసు పట్టింపు చట్టంలోనూ లేదు, నాకూ లేదు. టీకాల పట్టింపు ఉంది. సర్కారు టీకాల పట్టికలో పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకి వేస్తారు, ధనుర్వాతానికి రక్షణ అందులోనే ఉంటుంది. మూడో డోసు అయ్యాకే నేను సూది తీస్తాను, కార్డు చూసి. పదకొండో రోజు బారసాలనాడే కుట్టించాలని ఒక పెద్దావిడ తెనాలి నుంచి వచ్చారు. కుదరదన్నాను. "మీ తాత అడిగాడా ఈ కార్డులూ కాగితాలూ?" అని దులిపేశారు. అడగలేదు నిజమే. మా తాత బంగారు తీగని కొలిమిలో ఎర్రగా కాల్చి, చల్లార్చి, అదే తీగతో కుట్టి, అక్కడే చుట్టేసేవాడు. ఆ పనిలో శుభ్రం ఉంది, ఆయనకి తెలిసో తెలియకో. కానీ పిల్లకి ధనుర్వాతం రాకుండా ఆపేది కొలిమి కాదు కదా. ఐదో నెలలో ఆవిడే మళ్లీ తీసుకొచ్చారు, మనవరాలికి పట్టులంగా వేసి మరీ.

పాపకి కావాలన్న పైకుట్టు సంగతి పూర్తిగా వేరు. తమ్మెలో కొవ్వు, రక్తనాళాలు ఉంటాయి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది. పైభాగంలో కార్టిలేజ్‌కి సొంత రక్తనాళాలు లేవు, పైన పల్చటి పొర నుంచే పోషణ అందాలి. అందుకే మానడానికి ఆరు నెలల నుంచి ఏడాది. చీము పట్టిందా, మందు అక్కడిదాకా చేరడమే కష్టం. పదేళ్ల పిల్ల ఏడాదిపాటు ఆ చెవి మీద పడుకోకుండా, జడ వేసేటప్పుడు దువ్వెన తగలకుండా, ఆటల్లో లాగించుకోకుండా ఉంటుందా? మీకే తెలుసు.

ఒక పదిహేనేళ్ల అమ్మాయిని వాళ్లమ్మ నా దగ్గరికి తీసుకొచ్చింది. ఎక్కడో ఫ్యాన్సీ షాపులో చెవులు కుట్టే గన్‌తో చెవి పైన కొట్టించారు. వారానికే చెవి పైసగం ఎర్రగా ఉబ్బి, ముట్టుకోనివ్వడంలేదు. తమ్మె మాత్రం మామూలుగా ఉంది. అదే గుర్తు: కింద బాగుండి పైన ఉబ్బితే ఇన్‌ఫెక్షన్ కార్టిలేజ్ పొరకి పట్టినట్టే. నేను పోగు కూడా ముట్టుకోలేదు, అదే ఆటోలో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపాను. చీము తీశారు, ఇంజెక్షన్లు, రెండు వారాలు కాలేజీ పోయింది. చెవి నిలిచింది, పైఅంచు మాత్రం కొంచెం ముడుచుకుపోయింది. ఇప్పటికీ జుట్టు ఆ పక్కకే వేసుకుంటుంది.

గన్ ఎందుకొద్దంటానంటే, అది సూది లాగా కొయ్యదు, మొద్దు పోగుని బలంతో గుద్ది దూరుస్తుంది. దాని ప్లాస్టిక్ భాగాలు ఆటోక్లేవ్‌లో, అంటే వేడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో, పెడితే కరిగిపోతాయి, కాబట్టి స్పిరిట్‌తో తుడిచి ఇంకొకరికి వాడతారు. తమ్మెకి కూడా నేను వాడను, కార్టిలేజ్‌కి ఎవరూ వాడకూడదు.

మిగతావి గబగబా. ముక్కు: 13 దాటాక, అమ్మ పక్కనుంటే కుడతాను, మానడానికి నాలుగు నెలలు పైనే. బొడ్డు, నాలుక, కనుబొమ్మ: 18, టాటూ లాగే. ఇవి మా షాపు లెక్కలు, ఇంకో మంచి షాపులో ఒకట్రెండేళ్లు అటూ ఇటూ ఉండొచ్చు. పోగు ఏ లోహమైనా నికెల్ లేకుండా చూడండి. ఇంప్లాంట్ టైటానియం అన్నిటికంటే మేలు, మంచి 22 క్యారెట్ల బంగారం మన పిల్లలకి తరతరాలుగా పడుతోంది. గిల్టువి మొదటి పోగుగా వద్దు. రంధ్రం పూడిపోకుండా చీపురుపుల్ల పెట్టడం, పసుపు, కొబ్బరినూనె రాయడం మానేయండి. మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్ రోజుకి రెండుసార్లు చాలు. మీ ఇంట్లో ఎవరికైనా గాయం మానాక మచ్చ ఉబ్బి పెరిగే గుణం, కిలాయిడ్, ఉంటే కుట్టు, టాటూ రెండూ చర్మం డాక్టరుని అడిగాకే.

ఇంకోటి, పెళ్లిళ్లలో జాతరల్లో పిల్లలకి "పది నిమిషాల్లో నల్లగా పండుతుంది" అంటూ పెట్టే నల్ల గోరింటాకు. వయసు అడ్డు లేదని అమ్మలు పెట్టించేస్తారు. గోరింటాకు నల్లగా పండదండీ. ఆ నలుపు హెయిర్ డైలో వాడే పీపీడీ అనే రసాయనం. బొబ్బలు ఎక్కిన చేతులు చూశాను. ఒకసారి పడకపోతే జీవితాంతం హెయిర్ డై కూడా పడకపోవచ్చు. బాబుని బుజ్జగించడానికి అది మాత్రం పెట్టించకండి.

ఇక మీకు "సంతకం పెట్టండి, వేసేస్తాం" అన్న షాపు. దాన్ని నేను చూడలేదు, వాళ్లు మంచివాళ్లే కావచ్చు. అయినా పదమూడేళ్లలో నేను గమనించింది ఒకటుంది. వయసు దగ్గర రాజీపడే షాపు సూది దగ్గర కూడా రాజీపడుతుంది. రెండూ ఎవరూ చూడనిచోట తీసుకునే నిర్ణయాలే. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ ఒకరి సూది ఇంకొకరికి వాడితే వస్తాయి, ఒకే రంగు కప్పులో ముంచినా ప్రమాదమే. ఎక్కడికెళ్లినా సీల్ ఉన్న సూది మీ కళ్లముందే చింపాలి, రంగు కొత్త కప్పులో పోయాలి, మళ్లీ వాడే సామాను ఉంటే ఆటోక్లేవ్ చూపించమనండి. విసుక్కుంటే లేచి వచ్చేయండి.

వయసు రుజువు ఎలా చూస్తారని కొందరు కుర్రాళ్లు కూడా ఇది చదువుతూ ఉంటారని తెలుసు, వాళ్లకే ఈ పేరా. ఫోన్‌లో ఆధార్ ఫొటో నేను తీసుకోను, పుట్టిన సంవత్సరం మార్చినవి ఎన్ని చూశానో. అసలు ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని ఆధార్ సంస్థే 2023 డిసెంబరులో చెప్పింది, 2024లో సుప్రీంకోర్టు కూడా స్కూలు సర్టిఫికెట్ వైపే మొగ్గింది. కాబట్టి నాకు టెన్త్ మెమో కావాలి. ఒరిజినల్. అక్క, బావ, పిన్ని వద్దు.

అమ్మగారూ, చివరిగా మీ బాబు గురించి. పదహారేళ్లకి నాన్న పోవడం చిన్న విషయం కాదు, వాడి కోరికలో తప్పూ లేదు. నా దగ్గర పేర్లు వేయించుకునేవాళ్లలో సగంమంది పోయినవాళ్ల పేర్లే వేయించుకుంటారు. వద్దని కొట్టిపారేస్తే ఏ గల్లీలోనో వేయించుకుని ఫుల్‌హ్యాండ్ చొక్కా వేసుకుని తిరుగుతాడు. దానికంటే పని ఇప్పుడే మొదలుపెట్టమనండి, సూది లేకుండా. కంప్యూటర్ అక్షరాల్లో పేరెందుకు, నాన్న చేతిరాత వెతకమనండి. వాడి ప్రోగ్రెస్ కార్డులు తీయండి, వాటిమీద తండ్రి సంతకం ఉంటుంది కదా. పాత డైరీలు, పాల లెక్కలు, బ్యాంకు ఫారాలు, శుభలేఖల కవర్ల మీద రాసిన చిరునామాలు, ఏవైనా. దొరికినవాటిని మడత పెట్టకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టించండి, ల్యామినేషన్ మాత్రం వద్దు. ఫోన్‌తో ఫొటో తీస్తే అంచులు వంగుతాయి, జిరాక్స్ షాపులో 600 డీపీఐలో స్కాన్ చేయించి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఆ గీత ఉన్నదున్నట్టుగా స్టెన్సిల్ తీసి వేయొచ్చు, కలం ఎక్కడ నొక్కాడో ఎక్కడ తేల్చాడో కూడా వస్తుంది.

18 నిండాక వచ్చే సంవత్సరీకానికి ఏదో ఒకటి చేయాలని వాడికి ఉంటే, మీ ఇంట్లో రక్తదానం అలవాటుందేమో ఆలోచించండి. దానికీ 18 నిండాలి, అయితే వరస ముఖ్యం. టాటూ వేయించుకున్నాక ఏడాది దాకా రక్తం తీసుకోరు. 18 నిండిన నెలలో ముందు రక్తం ఇచ్చి, ఆ తర్వాత టాటూకి రమ్మనండి. గుంటూరు దాకా రానక్కర్లేదు, మీ విజయవాడలోనే కుదరదన్నారే, ఆ షాపుకే వెళ్లమనండి. పాపని మాత్రం ఆదివారం కాకుండా ఏ రోజైనా తీసుకురండి, తమ్మె మీద రెండో కుట్టు నేనే కుడతాను. ముందు రాత్రి తలంటు పోసి, పొద్దున కడుపునిండా తినిపించి తీసుకురండి.